చిన్నల్లుడి బ్యాకప్

ఆ కుటుంబంలో ఎవరి ఫోను నీళ్ళలో పడినా, ఎవరి ఫొటోలు కనబడకుండా పోయినా, ముందుగా తలుచుకునేది పెద్దల్లుణ్ణే. చాలాకాలం అలాగే నడిచింది. అతడి ఉద్యోగం లిఫ్టులు తనిఖీ చేయడం. ఎత్తైన భవనాలన్నీ తిరిగి, తీగలు గట్టిగా ఉన్నాయా, బ్రేకులు పడుతున్నాయా చూసి సంతకం పెడతాడు. ఒళ్ళు అక్కడ తిరుగుతున్నా మనసు మాత్రం ఇంట్లో సామాన్ల గదిలోనే ఉండేది. ఆ గదిలో, పాత సూట్‌కేసుల కింద అరలో, అతడు సొంతంగా బిగించుకున్న సర్వర్ ఒకటి సన్నగా రొద పెడుతూ ఉండేది. మన ఇంటి ఫొటోలు ముక్కూ మొహం తెలియని కంపెనీకి అప్పజెప్పడమేమిటి, మన సంగతులు మన గడపలోనే ఉండాలి అని అతడి పట్టుదల. అత్తగారి ఆస్పత్రి కాగితాలు, మరదలి కాలేజీ ఫొటోలు, భార్య చదివి రికార్డు చేసే పుస్తకాలు, అన్నీ అందులోనే దాచేవాడు. మరదలు అతణ్ణి "సర్వర్ బావ" అని పిలిచేది. పిలిచినప్పుడల్లా విసుక్కున్నట్టు ముఖం పెట్టేవాడు గానీ, లోలోపల పొంగిపోయేవాడు.

భార్య సంగతి కూడా చెప్పాలి. చూపులేని వాళ్ళ కోసం పుస్తకాలను గొంతుతో చదివించి దాచే గ్రంథాలయం ఒకటుంది. ఆమె దానికి చదివి పెడుతుంది. మధ్యాహ్నం పూట పడకగది తలుపేసుకుని, ఫ్యాను ఆపేసి, ఫోనుని దిండుకి ఆనించి, చెమటలు కక్కుతూ చదివేది. గొంతు ఎంత బాగుండేదంటే, వినేవాళ్ళు ఫలానా ఆవిడ చేతే చదివించండని అడిగేవారు. పుస్తకం మొత్తం పూర్తయితేనే గ్రంథాలయం తీసుకుంటుంది. అందాకా అధ్యాయాలన్నీ ఈమె దగ్గరే ఉండాలి. ఫోన్లో అంత చోటెక్కడిది? అందుకని ఏ రోజుది ఆ రోజు సర్వర్‌లోకి ఎక్కించి, ఫోన్లోంచి తీసేసేది. అలా తీసేయమని నేర్పింది పెద్దల్లుడే.

మరదలికి పెళ్ళయి చిన్నల్లుడు వచ్చాడు. పళ్ళ డాక్టరు. నోట్లో నాలుక లేనట్టుండే మనిషి, ఎవరేం చెప్పినా తలాడిస్తూ వింటాడు. పెళ్ళయిన కొత్తలోనే పెద్దల్లుడి సామాన్ల గదిలోకి తొంగిచూసి, అన్నయ్యగారూ, నాకూ ఇది నేర్పించరా అని అడిగాడు. పెద్దల్లుడికి అంతకన్నా ఏం కావాలి? ఇంతమందికి సేవ చేశాడు గానీ, దాని గురించి ఒక్కరైనా అడిగింది లేదు. ఆదివారాలు కూర్చోబెట్టుకుని తనకు తెలిసిందంతా నూరిపోశాడు. బయటినుంచి వచ్చే దారులన్నీ మూసేసి, కావలసినది ఒక్కటే తెరవాలన్నాడు. పాస్‌వర్డు ఎంత పొడుగుదైనా నమ్మకూడదు, మన దగ్గరుండే తాళంచెవి లాంటి ఫైలు చూపిస్తేనే లోపలికి రానివ్వాలన్నాడు. దొంగ ఎత్తుకుపోయినా చదవడానికి వీల్లేకుండా డిస్కు మొత్తానికి తాళం వేసుకోవాలన్నాడు. బాగా నడుస్తున్నదాన్ని ఊరికే కెలకకూడదని కూడా చెప్పాడు. ఆ మాట చెప్పిన మనిషి తను మాత్రం పాటించలేదు, అది వేరే విషయం.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది బ్యాకప్ గురించి. ఇంట్లో ఉన్నదానికి ఇంట్లోనే కాపీ పెట్టుకుంటే, ఇల్లు కాలితే రెండూ పోతాయి. కాబట్టి నీ కాపీ మా ఇంట్లో, నా కాపీ మీ దగ్గర అని ఒప్పందం చేసుకున్నారు. చిన్నల్లుడు తన క్లినిక్‌లో పెట్టుకున్న చిన్న సర్వర్ డబ్బాలో ఆ రోజు చేరినవన్నీ తెల్లవారేసరికి పెద్దల్లుడి సర్వర్‌లోకి వాటంతటవే వచ్చి పడేలా ఏర్పాటు చేశారు. ఇటునుంచి అటూ అంతే. కాపీ సరిగ్గా వెళ్ళిందో లేదో పొద్దున్నే ఇద్దరికీ రిపోర్టు వస్తుంది. కాఫీలు తెచ్చిన భార్య ముందే పెద్దల్లుడు భుజం తట్టి మరీ అన్నాడు. "ఆ రిపోర్టులు రోజూ నేను చూస్తాలే. నువ్వెళ్ళి పళ్ళు చూసుకో." ఆ మాటకి ముగ్గురూ నవ్వుకున్నారు.

తర్వాత జరిగిందేమిటంటే, శిష్యుడి డబ్బా గురువు సర్వర్ కన్నా బాగా నడిచింది. క్లినిక్‌లో మందుల బీరువా కింది అరలో, అరచేతి మందాన ఉండే చిన్న పెట్టె అది. చిన్నల్లుడు ఒకసారి అంతా అమర్చి తలుపేశాడు. అంతే, మళ్ళీ దాని జోలికి పోలేదు. అది కూడా అతడిలాగే కిక్కురుమనకుండా పని చేసుకుపోయేది. పెద్దల్లుడికి అలా చేతులు కట్టుకు కూర్చోవడం చేతకాదు. కొత్తగా ఏదైనా వచ్చిందని చదివితే చాలు, ఆ సాయంత్రానికల్లా సర్వర్ మూత విప్పి కూర్చునేవాడు. కుటుంబం గ్రూపులో మెసేజీ పడేది, ఇవాళ సర్వర్ ఉండదు, మరమ్మతు అని. మర్నాడు ఇంకోటి, ఇంకా కాలేదు అని. మొదట్లో అందరూ పాపం ఎంత కష్టపడుతున్నాడో అనుకునేవారు. పోనుపోను అనుకోవడం మానేసి, తమ ఫొటోలు తీసుకెళ్ళి చిన్నల్లుడి దాంట్లో పెట్టుకున్నారు. ఎవరూ వచ్చి మీది వద్దు అని మొహం మీద చెప్పలేదు.

చెప్పకపోయినా తెలిసిపోయింది. సర్వర్‌లో లాగ్ అని ఒకటుంటుంది. ఎవరొచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏం తీసుకున్నారు, ఏం పెట్టారు, అన్నీ అందులో పడుతుంటాయి. దొంగలెవరైనా తలుపు తడుతున్నారేమో చూసుకోవడానికి వాడాల్సింది. పెద్దల్లుడు దాన్ని చుట్టాల రాకపోకలు కనిపెట్టడానికి వాడటం మొదలుపెట్టాడు. అత్తగారి ట్యాబ్లెట్ రావడం మానేసింది. మరదలి ఫోను సరేసరి, మొగుడి ఇంటికే పోతుంది, పోనీ. బావమరిది కూడా జారుకున్నాడు. ఎవరు పోయినా పర్లేదు, భార్య ఉంది కదా అని సర్దిచెప్పుకున్నాడు. ఒకరోజు వెతికి చూస్తే, ఆమె ఫోను వచ్చి కూడా చాలా రోజులైంది. మధ్యాహ్నం గదిలోంచి చదువుతున్న గొంతు వినిపిస్తూనే ఉంది. మరి ఆ చదివింది ఎక్కడికి పోతున్నట్టు?

ఎక్కడికి పోతోందో తెలుసు. తెలిసే, భోజనం దగ్గర ఏమీ తెలియనట్టు అడిగాడు, ఈమధ్య సర్వర్‌లోకి ఎక్కించడానికి ఏమైనా ఇబ్బందిగా ఉందా అని. ఆమె దాపరికం లేకుండా చెప్పేసింది. "మీరు దాన్ని ఎప్పుడూ విప్పుతూనే ఉంటారు కదండీ. నేను చదివాక పెట్టుకుందామంటే అది ఉండదు. చెల్లెలు వాళ్ళదాంట్లో పెట్టుకుంటున్నా. అదెప్పుడూ ఉంటుంది."

అదెప్పుడూ ఉంటుంది. ఆ మాట పట్టుకుని అతడు ఎంత కుమిలిపోయాడో ఆమెకి తెలియదు. కొందరు మగవాళ్ళు భార్య పక్కింటివాడితో నవ్వుతూ మాట్లాడితే ఉడుక్కుంటారు. మనవాడికి ఆ రకం అనుమానాలేవీ లేవు, చిన్నల్లుణ్ణి అలాంటి మాట అనడానికి కూడా లేదు. కానీ తన ఇంట్లో, తన గది పక్కన పుట్టిన గొంతు, తన సర్వర్‌ని దాటుకుని ఊరవతల ఎవడి బీరువాలోనో చేరుతుంటే ఒళ్ళు మండిపోయింది. ఇదేం మంట అని ఎవరైనా అడిగితే అతడు జవాబు చెప్పలేడు. అడగడానికి మాత్రం ఎవరికి తీరిక?

ఆ తర్వాతి ఆదివారం అత్తగారింట్లో భోజనాలు. పెద్దల్లుడు అత్తగారి పక్కనే కూర్చున్నాడు. ఆవిడ ఫోను తెరిచి, ఈ ఫొటో పెద్దది కావడం లేదేంటి అంటూ, పక్కనున్న ఇతణ్ణి దాటుకుని, బల్ల చివర ఉన్న చిన్నల్లుడికి ఫోను అందించింది. ఇతడి కంచం మీదుగానే అందించింది. ఆవిడ మనసులో ఏ దురుద్దేశమూ లేదు. చిన్నల్లుడు చెయ్యి తుడుచుకుని, రెండుసార్లు నొక్కి, ఇదిగోండి అత్తయ్యగారూ అని ఇచ్చేశాడు. చిన్నల్లుడుగారి చేతిలో ఏదో మహత్తు ఉంది అంటూ ఆవిడ మురిసిపోయింది. భార్య కూడా నవ్వుతూ, మరిదిగారు ముట్టుకుంటే నోట్లో పన్ను కూడా కిక్కురుమనదు అంది. అందరూ నవ్వారు. పెద్దల్లుడు కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదు కదా.

ఇంటికొచ్చి, చొక్కా కూడా మార్చకుండా సామాన్ల గదిలో కూర్చున్నాడు. సర్వర్‌కి కాపలా కాసే ఫైర్‌వాల్ తెరిచి, ఇక లోపలికి రానివ్వకూడని చిరునామాల్లో చిన్నల్లుడి క్లినిక్ చిరునామా చేర్చాడు. అంతే పని. ఎవరికీ నష్టం లేదు, ఏదీ చెరిగిపోదు. అక్కడున్నది అక్కడే ఉంటుంది. కాపీ ఒక్కటీ ఇక్కడికి రాదు. రేపు రిపోర్టు చూసుకుని లబలబలాడుతూ ఫోను చేస్తాడు, అన్నయ్యగారూ ఏదో తేడాగా ఉంది, కాస్త చూడండి అంటాడు. అప్పుడు చూద్దాం. కాస్త బతిమాలించుకుని, అడ్డు తీసేసి, ఏం చేశావో జాగ్రత్తగా చూసుకోవాలి తమ్ముడూ అని ఒక మాట అందాం. ఆ ఊహతోనే కడుపు సగం చల్లబడింది.

మర్నాడు ఫోను రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. వారం గడిచింది. పొద్దున్నే రిపోర్టు తనకీ వస్తోంది, ఎర్రటి అక్షరాల్లో, కాపీ వెళ్ళలేదని. అదే రిపోర్టు చిన్నల్లుడికీ పోతుంది. అయినా ఉలుకూ పలుకూ లేదు. అంటే చూసుకోవడం లేదన్నమాట. పెద్దల్లుడికి ఇది ఇంకా మంటెక్కించింది, ఆ మంటలోనే ఒక ఆనందం కూడా దొరికింది. ఆహా, ఇదా మహత్తు. బ్యాకప్ ఆగి వారం దాటినా తెలియని మహానుభావుడి దగ్గరా మీరంతా క్యూ కట్టింది? దీన్ని ఫోన్లో చెప్పి ఊరుకుంటే ఏం లాభం? అత్తగారింట్లో అందరూ కూర్చున్నప్పుడు, మెల్లగా, నవ్వుతూ అడగాలి, నీ బ్యాకప్ చూసుకుని ఎన్నాళ్ళైంది తమ్ముడూ అని. అప్పుడు అతడి ముఖం ఎలా ఉంటుందో, వీళ్ళ ముఖాలు ఎలా ఉంటాయో. రిపోర్టు నేను చూస్తాలే అని తనే మాటిచ్చిన సంగతి గుర్తు రాలేదా అంటే, వచ్చింది. వచ్చినప్పుడల్లా దాన్ని పక్కకి నెట్టాడు.

ఆ భోజనాలే మళ్ళీ జరగలేదు. భార్య గొంతు దగ్గర గడ్డ కనబడింది. డాక్టర్లు పరీక్షలు చేసి భయపడాల్సిందేమీ లేదన్నారు, కానీ ఆపరేషన్ చేసి తీసేయాలన్నారు. ఆ చోటు అలాంటిది కాబట్టి గొంతు మారిపోవచ్చు, ముందే చెబుతున్నాం అన్నారు. ఆమె ఇంటికొచ్చి ఏడవలేదు. ఎన్నాళ్ళుగానో చదవాలనుకుంటున్న లావుపాటి నవల ఒకటుంది, అది తీసింది. ఈ గొంతు ఉండగానే దీన్ని పూర్తి చేస్తాను, తర్వాత ఏమైతే అదవుతుంది అంది. ఆపరేషన్‌కి తేదీ వేయించుకుని, ఆ తేదీతో పోటీ పడి చదివింది. మధ్యాహ్నం మాత్రమే కాదు, పొద్దున కూడా తలుపేసుకునేది. వంటగదిలో కుక్కర్ కూత వినబడితే చదివింది చెరిపేసి, మళ్ళీ మొదటినుంచి చదివేది.

పెద్దల్లుడు తలుపవతల కూర్చుని వినేవాడు. అందులో ఒక ముసలమ్మ పాత్ర ఉంది, ఆ మాటలు వచ్చినప్పుడు ఆమె గొంతు కొంచెం వణికించి చదివేది. నవ్వు ఆపుకోలేని చోట ఆగి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ అందుకునేది. చదవడం అయ్యాక ఫోన్లో ఏదో నొక్కుతున్నట్టు నిశ్శబ్దం. ఆ అధ్యాయం క్లినిక్‌కి పోతోందని అతడికి తెలుసు. తన దగ్గరికి దాని కాపీ రావడం లేదని కూడా తెలుసు. మరిచిపోయాడు అంటే అబద్ధమే అవుతుంది. అడ్డు తీసేద్దామని ఎన్నోసార్లు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు కూడా. కూర్చున్న ప్రతిసారీ ఒకటే అనిపించేది. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క అధ్యాయం, ఇది మీ దగ్గర పెట్టుకుంటానండీ అని తెచ్చి ఇస్తే ఏం పోయింది? ఇస్తే ఆ క్షణమే తీసేస్తాను. అక్కడ ఉన్నది నిక్షేపంగా ఉంది, ఇప్పటికిప్పుడు వచ్చే ప్రమాదమేముంది? ఇలా తనకి తనే లాయరై వాదించుకుని లేచిపోయేవాడు.

ఆమె నవల పూర్తి చేసింది. చివరి అధ్యాయం అయ్యాక బయటికొచ్చి, కుర్చీలో కూలబడి, హమ్మయ్య, ఇక కోసుకోమనండి అంది. తప్పులు సరిచేసి పంపడం ఇంటికొచ్చాక చూసుకుందామనుకుంది. ఆపరేషన్ బాగానే జరిగింది. గొంతు మాత్రం మారిపోయింది. లోతుకి దిగి, బొంగురుపోయి, నాలుగు మాటలయ్యేసరికి అలిసిపోయేది. మెల్లగా కొంత మెరుగవుతుంది గానీ పాత గొంతు రాదన్నారు. ఆమె దానికి ముందే సిద్ధపడింది. ఎవరైనా పరామర్శకి వచ్చి అయ్యో అంటే, పర్లేదు, నా గొంతుని దాచిపెట్టాకే వెళ్ళాను అనేది.

ఆమె ఇంకా గొంతుకి గుడ్డ చుట్టుకుని తిరుగుతున్న రోజుల్లోనే క్లినిక్‌లో దొంగలు పడ్డారు. సెలవుకి తాళం వేసి వెళ్ళి తిరిగొచ్చేసరికి కంప్యూటరు లేదు, బీరువా కింది అరలో పెట్టె లేదు. చిన్నల్లుడు పెద్దగా కంగారు పడలేదట. పోలీసులకి చెప్పి, కొత్త పెట్టె ఒకటి కొనుక్కుని, తన భార్యనీ అత్తగారినీ వెంటబెట్టుకుని నేరుగా పెద్దల్లుడి ఇంటికొచ్చాడు. డిస్కుకి తాళం ఉంది కాబట్టి దొంగలకి అందులో ఏమీ కనబడదు, కాపీ అన్నయ్యగారి దగ్గర భద్రంగా ఉంది, ఇందులోకి తీసుకుపోదామని వచ్చాం అన్నాడు. అత్తగారు కుర్చీలో కూర్చుంటూ, పెద్దల్లుడుగారు ఉండబట్టి సరిపోయింది అంది. మరదలు ఎన్నాళ్ళకో మళ్ళీ, సర్వర్ బావా, నువ్వే దిక్కు అంది. భార్య గొంతుకి శ్రమ ఇవ్వకూడదని, అతడి వైపు చూసి చేత్తో సామాన్ల గది చూపించి నవ్వింది.

ఇన్నాళ్ళూ అతడు కోరుకున్న క్షణం అదే. అందరూ తన వైపే చూస్తున్నారు, భార్య కళ్ళు కూడా తన మీదే ఉన్నాయి. గదిలోకి వెళ్ళి సర్వర్ ముందు కూర్చున్నాడు. చూడక్కర్లేదు, ఏముందో తెలుసు. అయినా చూశాడు. పెళ్ళి ఫొటోలున్నాయి, ఆస్పత్రి కాగితాలున్నాయి, బావమరిది కుక్కపిల్ల వీడియోలున్నాయి. అత్తగారింట్లో భోజనాలు చేసి వచ్చిన రోజుతో అన్నీ ఆగిపోయాయి. నవల మొదలైంది ఆ తర్వాత. ఒక్క అధ్యాయం లేదు. ఒక్క పేజీ కూడా లేదు. అడ్డుపెట్టిన చిరునామాని తీసేశాడు. ఇప్పుడు తీసి ఏం లాభం? లాభం కోసం తీయలేదు, ఎవరి కంటా పడకూడదని తీశాడు.

బయటికొచ్చి చిన్నల్లుడి వైపు తిరిగి అన్నాడు. "నీ కాపీ రావడం ఎప్పుడో ఆగిపోయింది. పాతవన్నీ ఉన్నాయి, కానీ ఈమధ్యవి లేవు. రోజూ రిపోర్టు వస్తుంది కదా, చూసుకోవద్దా?"

అందరి తలలూ చిన్నల్లుడి వైపు తిరిగాయి. అతడి ముఖం పాలిపోయింది. పెద్దల్లుడి వైపు ఒక్క క్షణం చూశాడు. మీరు చూస్తానన్నారు కదా అని అతడు అనవచ్చు. అంటాడని పెద్దల్లుడు భయపడ్డాడు కూడా. అతడు అనలేదు. చూడాల్సింది అన్నయ్యగారూ, నాదే పొరపాటు అని తల దించుకున్నాడు. అత్తగారు అయ్యో అయ్యో అంటూ ఉండిపోయింది. మరదలు మొగుణ్ణి అందరి ముందూ దులిపేసి, అక్క చేతులు పట్టుకుని ఏడ్చింది. భార్య మాత్రం ఏడవలేదు. కొత్త పెట్టె అట్టడబ్బా ఒళ్ళో పెట్టుకుని, దాని మీద అంటించిన కాగితాన్ని గోటితో గీకుతూ కూర్చుంది.

దాంతో పెద్దల్లుడికి పోయినదంతా తిరిగొచ్చింది. చిన్నల్లుడు ఆ కొత్త పెట్టె తెరవను కూడా తెరవలేదు. ఇక నేను వీటి జోలికి రాను, అన్నీ మీరే చూసుకోండి అన్నాడు. అత్తగారి ట్యాబ్లెట్ లాగ్‌లోకి మళ్ళీ వచ్చింది. బావమరిది వచ్చాడు. మరదలు కూడా వచ్చింది. ఇల్లంతా సందడిగా ఉన్నట్టు లాగ్ నిండుగా పారుతోంది. పెద్దల్లుడు దాన్ని చూస్తూ కూర్చుంటాడు గానీ అన్నం సహించడం లేదు. పక్కగది నుంచి చదువు వినిపించడం లేదు. గ్రంథాలయం వాళ్ళు, కొత్త గొంతుతోనైనా చదవండి, మాకేం అభ్యంతరం లేదు అన్నారట. ఆమె రెండుసార్లు తలుపేసుకుంది. రెండుసార్లూ మొదటి పేజీ పూర్తి కాకుండానే దగ్గుతో బయటికొచ్చింది.

ఒక మధ్యాహ్నం అతడు సెలవు పెట్టి ఇంట్లో ఉన్నాడు. ఆమె వచ్చి ఎదురుగా కూర్చుంది. చాలాసేపు చీర అంచు సరిచేసుకుంటూ కూర్చుని, ఆ బొంగురు గొంతుతో, ఒక్కో మాటా కూడదీసుకుంటూ అంది. "మరిదిగారిని ఏమనుకుని ఏం లాభం లెండి. తప్పు నాదే. మీరు విప్పుతున్నారని విసుక్కుని అక్కడ పెట్టాను. మీ దగ్గరే పెట్టుంటే పోయేది కాదు. మిమ్మల్ని బాధపెట్టాను, అవునా?"

ఆమె తిట్టినా, అనుమానించినా, అతడు ఇంకో అబద్ధం ఆడి ఉండేవాడేమో. ఆమె క్షమించమన్నట్టు చూస్తుంటే మాత్రం కుర్చీలో ఉండలేకపోయాడు. లేచి నిలబడి, మళ్ళీ కూర్చుని, మొత్తం చెప్పేశాడు. అత్తగారు తన కంచం మీదుగా ఫోను అందించడం, ఇంటికొచ్చి అడ్డం పెట్టడం, రోజూ వచ్చే ఎర్ర రిపోర్టు, అందరి ముందూ అడగాలని దాచుకోవడం, ఏదీ మిగల్చలేదు. ఆమె మధ్యలో ఒక్క ప్రశ్న కూడా వేయకుండా విన్నది. అతడు ఆగాక అడిగింది. "అందులోకి నా పుస్తకం పోతోందని మీకు గుర్తు లేదా?"

గుర్తు లేదు అంటే ఎంత సుఖంగా ఉండేది. నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

"గుర్తుంది," అన్నాడు. "నీ గొంతు వాడి ఇంటికి పోతోందనే కదా నా ఏడుపంతా."

ఆమె అతడి ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది. కోపం కూడా కనబడలేదు. ఎవరో కొత్తమనిషి వచ్చి కూర్చుంటే చూసినట్టు చూసింది. తర్వాత బల్ల మీదున్న అతడి ఫోను అతడి ముందుకి తోసి, మరిదిగారికి చెప్పండి, ఇప్పుడే, నా ముందే అంది. స్పీకర్ తనే నొక్కింది.

చిన్నల్లుడు వెంటనే తీశాడు. చెప్పండి అన్నయ్యగారూ అన్నాడు ఎప్పటి మర్యాదతోనే. వెనక నీళ్ళ చప్పుడు, క్లినిక్‌లో ఏదో కడుగుతున్నట్టున్నాడు. పెద్దల్లుడు గొంతు సవరించుకుని, కాపీ రాకుండా అడ్డం పెట్టింది తనేనని, కావాలనే పెట్టానని, అతడి తప్పేమీ లేదని చెప్పాడు. అవతల నీళ్ళు ఆగాయి. తిడతాడేమోనని ఇతడు ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనిపించింది.

"వదినగారికి తెలుసా?" అని అడిగాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు భార్య వైపు చూశాడు. ఆమె కదల్లేదు. ఇతడికి మాట రాలేదు. ఆ మౌనాన్ని అవతలి మనిషి మరోలా అర్థం చేసుకున్నాడు.

"చెప్పకండి అన్నయ్యగారూ. నావల్లే పోయిందని ఉండనివ్వండి. నేను ఎప్పుడో ఓసారి వచ్చిపోయేవాణ్ణి, నా మీద కోపం ఉన్నా ఫర్వాలేదు. ఆవిడ రోజూ మీతో ఉండాలి కదా. అసలే అంత పోగొట్టుకున్నారు."

పుస్తకం పోయిందన్న రోజు కూడా ఏడవని మనిషి, ఇప్పుడు ఏడ్చింది. చెంపలు తుడుచుకోకుండానే చేయి చాచి, ఫోను తన వైపు లాక్కుని, నేను వింటూనే ఉన్నాను మరిదిగారూ అంది. ఆ పాడైన గొంతులోనే ఎక్కడిదో ఒక మెత్తదనం వచ్చింది. అవతల అతడు కంగారుపడి ఏదో అన్నాడు. ఈమె ఊరుకోండి, మిమ్మల్ని అందరం అన్నన్ని మాటలు అన్నాం అంది. అలిసిపోతూనే, ఆగి ఆగి, మాట్లాడుతూనే ఉంది. పెద్దల్లుడు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. ఎంత సిగ్గుపడుతున్నా, ఆమె ఆ ఫోనుతో మాట్లాడుతున్న తీరు చెవిన పడుతూనే ఉంది. తనతో ఆమె అంత మెత్తగా మాట్లాడి ఎన్నాళ్ళైందో గుర్తు చేసుకోబోయాడు, గుర్తు రాలేదు. ఇంత జరిగాక కూడా, ఆ ఫోను లాక్కుని కట్ చేసేయాలనిపించి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు.